కొత్త మెట్రో మార్గాన్ని ప్రజలకు తెరిచే ముందు భద్రతా పరీక్షలు ఎలా చేయాలి

పట్టాలు వేశారు, పైన తీగలు లాగారు, రైలు తిరుగుతూ కనిపిస్తోంది, అయినా జనాన్ని ఎందుకు ఎక్కించుకోవడం లేదని హైదరాబాదులో ఎందరో అడిగేవారు. నాగోలు నుంచి మెట్టుగూడ వరకు ఎనిమిది కిలోమీటర్లకు భద్రతా అనుమతి 2016లోనే వచ్చినా, ప్రయాణికులు ఎక్కింది 2017 నవంబరు 29న. ఇప్పుడు విశాఖపట్నం, విజయవాడ మెట్రోల గురించి మాట వచ్చినప్పుడల్లా అదే ప్రశ్న మళ్లీ వినిపిస్తోంది. దానికంటే ఎక్కువగా నాకు వచ్చే ప్రశ్నలు మెట్రో ప్రాజెక్టుల టెస్టింగ్ విభాగాల్లో కొత్తగా చేరిన డిప్లొమా, బీటెక్ ఇంజనీర్లవి: ఏ పరీక్ష ముందు చేయాలి, ఏది తర్వాత, పాస్ అయిందని ఎలా తేల్చుకోవాలి? వారి కోసమే ఇది రాస్తున్నాను.

హైదరాబాదు మాదిరిగా 1435 మిల్లీమీటర్ల గేజు (రెండు పట్టాల మధ్య దూరం), పైన 25 కిలోవోల్టుల తీగ, సీబీటీసీ (రేడియో సంబంధంతో రైళ్లను అదుపు చేసే) సిగ్నలింగ్ ఉన్న ఎత్తైన మార్గాన్ని దృష్టిలో పెట్టుకుని దశలను వివరిస్తాను. బెంగళూరు, కొచ్చిల మాదిరిగా 750 వోల్టుల మూడో పట్టా ఉన్నవారికీ, వీధిలో నడిచే లైట్ రైలు పనిలో ఉన్నవారికీ తేడాలను ఆయా చోట్ల చెబుతాను.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

- ప్రతి పరీక్షకూ విధానం, ఉత్తీర్ణత ప్రమాణం రాసి, సంబంధిత పక్షాలన్నీ సంతకం చేసిన పరీక్షా పత్రాలు.
- ఆమోదం పొందిన షెడ్యూల్ ఆఫ్ డైమెన్షన్స్ (కొలతల పట్టిక), సిగ్నలింగ్ కంట్రోల్ టేబుల్ (ఏ రూటుకు ఏ షరతులు నెరవేరాలో చెప్పే పట్టిక), కట్టిన తర్వాత సరిదిద్దిన డ్రాయింగులు.
- హజార్డ్ లాగ్, అంటే గుర్తించిన ప్రతి ప్రమాదమూ, దాన్ని ఎలా అదుపు చేశారన్నదీ నమోదు చేసిన పట్టిక.
- క్యాలిబ్రేషన్ గడువు దాటని ట్రాక్ గేజు, టార్క్ రెంచి, ఇన్సులేషన్ పరీక్షించే మెగ్గర్, వేగమూ దూరమూ నమోదు చేసే పరికరాలు, పాయింట్లకు (రైలు పట్టా మారే చోట్లకు) 5 మిల్లీమీటర్ల టెస్ట్ పీసు.
- ప్రయాణికుల బరువుకు బదులుగా ఇసుక బస్తాలు.
- పరీక్షల కోసం ఏదైనా రక్షణను దాటవేయడానికి పెట్టే తాత్కాలిక జంపరు తీగలు, బైపాస్ స్విచ్చులు నమోదు చేసే ఒకే ఒక్క రిజిస్టరు. ఒక్కో కాంట్రాక్టరు ఒక్కో పుస్తకం పెట్టుకుంటే అది లేనట్టే.

ఈ జాబితాలో మొదటి దానిని చాలామంది కాగితం పనిగా చూస్తారు. కెనడా రాజధాని ఒట్టావాలో 12.5 కిలోమీటర్లు, 13 స్టేషన్లతో కట్టిన కాన్ఫెడరేషన్ లైన్ అనే లైట్ రైలు అనుభవం చూస్తే దాని విలువ తెలుస్తుంది. 2019 వేసవిలో అక్కడ 12 రోజుల ట్రయల్ రన్నింగ్ (ప్రయాణికులు లేకుండా నడిపి చూడడం) పెట్టుకున్నారు. ఫలితాలు అనుకున్నట్టు రాకపోవడంతో పరీక్ష నడుస్తుండగానే ప్రమాణాన్ని మార్చారు. సగటున 98 శాతం సేవ అందాలన్నది 96 శాతమైంది, అదీ 12 రోజుల్లో 9 రోజులు అందితే చాలన్నారు. సెప్టెంబరు 14న లైను తెరిచారు. తలుపులతో మొదలై వరుసగా ఇబ్బందులు వచ్చాయి. 2021 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో రెండుసార్లు రైలు పట్టాలు తప్పింది, రెండోసారి లైను 54 రోజులు మూతపడింది. పట్టాలు తప్పడానికి ఇరుసు బేరింగు, సరిగా బిగించని బోల్టులు వంటి వేరే కారణాలున్నాయి కాబట్టి అన్నింటినీ ఆ శాతానికి అంటగట్టకూడదు. అయినా, ప్రమాణం మార్చిన సంగతిని నగర కౌన్సిల్‌కు సరిగా చెప్పకపోవడాన్ని 2022 నవంబరులో వెలువడిన విచారణ కమిషన్ నివేదిక గట్టిగా తప్పుపట్టింది. మీ పరీక్షలో ప్రమాణం మార్చక తప్పని పరిస్థితి నిజంగా వస్తే పరీక్షను ఆపి, కారణం రాసి, అందరి సంతకాలతో మార్చి, మొదటి రోజు నుంచి మళ్లీ మొదలుపెట్టండి.

1. మార్గాన్ని నిర్మాణ స్థలం అనే లెక్కలోంచి తీసేయండి

తీగకు కరెంటు ఇచ్చే రోజుకు చాలా ముందే, లైను మీదికి ఎవరు వెళ్లాలన్నా ఒకే గది నుంచి అనుమతి తీసుకునే పద్ధతి అమలులోకి రావాలి. పర్మిట్ లేకుండా ఎవరూ పట్టాల మీద అడుగు పెట్టకూడదు. పని ముగించి దిగినవారు మనుషులను, పనిముట్లను లెక్కించి అప్పగించిన తర్వాతే ఆ సెక్షన్‌లో రైలు కదలాలి.

హెచ్చరిక: నిన్నటి దాకా స్వేచ్ఛగా తిరిగిన మేస్త్రీలకు, పెయింటర్లకు, కేబుల్ లాగేవారికి ఈ మార్పు ఒక నోటీసుతో అర్థం కాదు. వారిలో చాలామంది బిహారు, ఒడిశా, బెంగాల్ నుంచి వచ్చినవారు ఉంటారు. అందువల్ల వారి భాషల్లో ముఖాముఖి చెప్పించండి, చెప్పినది తిరిగి చెప్పమనండి.

2. కొలతలు సరిచూడండి

రైలు కదిలినప్పుడు ఊగే మేర కూడా కలుపుకుని, దాని చుట్టూ ఎంత ఖాళీ ఉండాలో షెడ్యూల్ ఆఫ్ డైమెన్షన్స్ చెబుతుంది. ఆ ఆకారంలో తయారు చేసిన చట్రాన్ని ట్రాలీ మీద నిలబెట్టి, మార్గమంతా నడక వేగంతో తోసుకుంటూ వెళ్లండి. కేబుల్ ట్రే బ్రాకెట్లు, సైన్ బోర్డులు, ప్లాట్‌ఫారం అంచు, వంపుల్లో లోపలివైపు గోడలు ఎక్కువగా తగిలే చోట్లు. ప్లాట్‌ఫారానికీ బోగీ గడపకూ మధ్య ఖాళీని ప్రతి తలుపు దగ్గరా కొలవండి, రెండు చివర్లు కొలిచి మధ్యది ఊహించకండి.

లేజరు స్కానింగ్ చేయించే స్తోమత ఉంటే చేయించండి, అది వేగంగా పూర్తవుతుంది. అయితే స్కాన్ చేసిన మరునాడు ఎవరో కొత్త బ్రాకెట్ బిగించి వెళ్తారు. కాబట్టి మొదటి రైలుకు ముందు చట్రం ట్రాలీ ఒకసారి తిరగడమే మేలు.

పైన మాత్రమే చూసి వదిలేయవద్దు. 2019 సెప్టెంబరులో అమీర్‌పేట స్టేషన్ కింద వానకు తలదాచుకున్న ఒక మహిళ, పైనుంచి పెచ్చు ఊడి తల మీద పడడంతో ప్రాణాలు కోల్పోయారు. ఆమె రైలు ఎక్కలేదు, ప్లాట్‌ఫారం మీదా లేరు. స్టేషన్ కింద నిలబడేవారు కూడా మీ భద్రతా పరీక్ష పరిధిలోకే వస్తారు. వయాడక్టు (పట్టాలను మోసే వంతెన), స్టేషన్ల అడుగు భాగాన్ని, అలంకరణ పలకలను, నీటి గొట్టాలను కిందనుంచి నడుస్తూ తట్టి చూడండి, వాన పడిన మరునాడు మళ్లీ చూడండి.

3. పట్టాలు, అతుకులు

ప్రతి వెల్డింగును అల్ట్రాసోనిక్ పద్ధతిలో పరీక్షించి, నంబరు వేసి, నివేదికలోని నంబరుతో పోల్చుకోండి. గేజు, పట్టాల ఎత్తులో తేడా, వంపుల్లో బయటి పట్టా ఎత్తు, ఫాస్టెనింగుల బిగింపు చూడండి. ఈ పనికి బాగా అలవాటైన విధానాలు మన దేశంలో ఉన్నాయి కనుక వాటిని పాటిస్తే సరిపోతుంది.

4. కరెంటు ఇవ్వడం

కేంద్ర ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ అనుమతి, ఇన్సులేషన్ పరీక్ష, ఎర్తింగ్ కొలతలు ముగిశాక, ఫలానా తేదీ నుంచి తీగలను కరెంటు ఉన్నవిగానే భావించాలని పత్రికల్లోనూ, మార్గం వెంట ఉన్న ఇళ్లలోనూ ప్రకటించాలి. 25 కిలోవోల్టుల తీగను ముట్టుకోనక్కరలేదు, దగ్గరికి వెళ్తేనే ప్రమాదం. రెండు మీటర్ల లోపలికి ఎవరూ, ఏ పనిముట్టూ, ఏ నిచ్చెనా రాకూడదు. పతంగుల కాలంలో, ముఖ్యంగా సంక్రాంతికి ముందు, మార్గం వెంట ఉన్న బడులకు వెళ్లి పిల్లలకు చెప్పడాన్ని పరీక్షల ప్రణాళికలోనే చేర్చండి.

పవర్ బ్లాక్ తీసుకున్నా, అంటే పని కోసం కరెంటు ఆపించినా సరే, రెండు వైపులా ఎర్తింగ్ రాడ్లు తగిలించిన తర్వాతే పని మొదలు కావాలి. ముందు పట్టా వైపు క్లాంపు, తర్వాత తీగ వైపు కొక్కెం. తీసేటప్పుడు ముందు తీగ వైపు, తర్వాత పట్టా వైపు. ఈ వరుస తప్పితే చేతిలో ఉన్న రాడే ప్రాణం తీస్తుంది.

మూడో పట్టా ఉన్న మార్గంలో ప్రమాదం పాదాల ఎత్తులోనే ఉంటుంది. అక్కడ రక్షణ కవచాలు ఎక్కడా విరగలేదని, అత్యవసర ట్రిప్ బటన్ నొక్కితే ఆ సెక్షన్‌లో నిజంగా సరఫరా ఆగిందని మీటరుతో చూడాలి. కంట్రోల్ రూము తెరమీద ఆగినట్టు కనిపించడం చాలదు.

5. పాయింట్లు, ఇంటర్‌లాకింగ్

ఇంటర్‌లాకింగ్ అంటే పాయింట్లు, మిగతా షరతులు సరిగా ఉంటేనే రైలుకు రూటు ఇచ్చే ఏర్పాటు. ఇక్కడ తొందరపడకండి. రైలును ఒక పట్టా నుంచి మరో పట్టాకు మళ్లించే పాయింటు పూర్తిగా అతుక్కోకుండానే అతుక్కున్నట్టు కంట్రోల్ రూముకు సమాచారం వెళ్తే, మీద కట్టిన కంప్యూటరు రక్షణలన్నీ ఆ అబద్ధం మీదే పనిచేస్తాయి.

అ) టంగ్ రైలుకూ (కదిలే పట్టా) స్టాక్ రైలుకూ (కదలని పట్టా) మధ్య 5 మిల్లీమీటర్ల టెస్ట్ పీసు పెట్టి పాయింటును నడిపించండి. పాయింటు లాక్ కాకూడదు, డిటెక్షన్ (అతుక్కుందన్న సంకేతం) రాకూడదు, దాని మీదుగా వెళ్లే ఏ రూటూ సెట్ కాకూడదు. ఇది పాయింటు స్థితులైన నార్మల్, రివర్స్ రెండు వైపులా, రెండు పాయింట్లతో పక్కపక్క మార్గాలను కలిపే క్రాసోవరు అయితే రెండు చివరలా విడివిడిగా చేయాలి.

ఆ) టెస్ట్ పీసు తీసేసి మళ్లీ నడిపించండి. ఈసారి లాక్ కావాలి.

ఇ) కంట్రోల్ టేబులులోని ప్రతి వరుసకూ రెండు పరీక్షలు చేయండి. మొదటిది, అన్నీ సరిగా ఉన్నప్పుడు రూటు సెట్ అవుతోందా అన్నది. రెండోది, ఒక్కొక్క షరతునూ విడిగా చెడగొట్టినప్పుడు రూటు సెట్ కాకుండా ఆగుతోందా అన్నది. రెండోదానికి ఎన్నో రెట్లు సమయం పడుతుంది. గడువు దగ్గర పడినప్పుడు అందరూ కత్తిరించాలని చూసేది కూడా దాన్నే.

ఒక ప్రాజెక్టులో నాకు ఎదురైనది చెబుతాను. రాత్రి రెండున్నర దాటింది. క్రాసోవరు రెండో చివర టెస్ట్ పీసు పెట్టి, వాకీటాకీలో పాయింటు తిప్పమని అడిగాను. మోటారు మూలిగింది, టంగ్ రైలు వచ్చి పీసును నొక్కి ఆగిపోయింది, క్లచ్ జారుతున్న చప్పుడు, కాస్త వేడెక్కిన వాసన. అంతవరకు సవ్యంగానే ఉంది. కంట్రోల్ రూము నుంచి డిటెక్షన్ లేదన్న మాట రావాలి. వచ్చినది "నార్మల్ వచ్చింది సార్" అన్న మాట. టార్చి వెలుగులో పీసు ఇంకా సందులోనే మెరుస్తోంది. మూడుసార్లు చేశాం, మూడుసార్లూ అదే. డిటెక్టర్ రాడ్డు నట్టు వదులై, ఉండవలసిన దానికంటే ఎక్కువ ఆట వచ్చింది. అంతకంటే నన్ను కలవరపెట్టినది ఆ పగటి షిఫ్టు పరీక్షా పత్రం. అందులో ఇదే పాయింటుకు సరిగా ఉందని సంతకం ఉంది. ఆ కుర్రాడు మొదటి చివర పరీక్షించి, రెండోది కూడా అలాగే ఉంటుందిలే అని రాశాడు. అతను చెడ్డవాడు కాదు, పన్నెండు గంటలుగా ఎండలో నిలబడి ఉన్నాడు. ఆనాటి నుంచి పత్రంలో సంతకం పక్కన పరీక్ష చేసిన సమయం, టెస్ట్ పీసు సందులో ఉన్న ఫొటో తప్పనిసరి చేశాను. మీరూ అలాగే చేయండి.

6. బ్రేకులు

ముందు నిలిచి ఉన్న రైలు మీద పరీక్షించండి: బ్రేకు సిలిండర్లలో ఒత్తిడి, ప్రతి చక్రం దగ్గరా ప్యాడ్లు పట్టుకోవడం, పార్కింగ్ బ్రేకు వాలులో నిలబెట్టడం. డిపోలో మరమ్మతు తర్వాత బయటకు తీసే ప్రతి రైలుకూ, దూరం పది మీటర్లే అయినా, ఈ పరీక్ష తప్పదు. 2017 డిసెంబరు 19న ఢిల్లీ మెట్రో మెజెంటా లైను ప్రారంభానికి ఇంకా ఆరు రోజులుండగా, కాళిందీ కుంజ్ డిపోలో ఒక రైలు బ్రేకులు పనిచేయని స్థితిలో దొర్లి, ప్రహరీ గోడను బద్దలు కొట్టుకుని బయటకు వేలాడింది. లోపల ప్రయాణికులు లేరు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. రైలును కదిలించే ముందు బ్రేకులు సరిచూడలేదని తేలింది.

తర్వాత పరుగులో పరీక్షించండి. గంటకు 20, 40, 60, 80 కిలోమీటర్ల వేగాలతో మెట్లుమెట్లుగా వెళ్లండి, ఒక మెట్టులో ఫలితం సంతృప్తిగా లేకపోతే పై మెట్టుకు వెళ్లవద్దు. ప్రతి వేగంలోనూ ఖాళీ రైలుతో, నిండు బరువుతో, పొడి పట్టాల మీద, నీళ్లు చల్లిన పట్టాల మీద ఆగే దూరం కొలవాలి.

చేతి లెక్క ఒకటి ఎప్పుడూ దగ్గర పెట్టుకోండి. అత్యవసర బ్రేకుతో ప్రతి సెకనుకూ రైలు వేగం సెకనుకు 1.3 మీటర్ల చొప్పున తగ్గాలని మీ ఒప్పందంలో ఉందనుకుందాం. గంటకు 80 కిలోమీటర్లంటే సెకనుకు 22.2 మీటర్లు. ఆ వేగాన్ని దానితోనే గుణించి, 2.6తో భాగిస్తే దాదాపు 190 మీటర్లు వస్తుంది. 40 కిలోమీటర్ల వేగంలో అదే లెక్క సుమారు 47 మీటర్లు. బ్రేకు పట్టుకోవడానికి పట్టే క్షణం వల్ల కొలిచిన దూరం దీనికంటే కొంత ఎక్కువే ఉంటుంది. కొలిచినది లెక్కకంటే తక్కువ వస్తే మురిసిపోకండి. వేగం కొలిచే పరికరంలోనో, దూరం కొలిచిన చోటులోనో తప్పుందేమో ముందు చూడండి.

ఇసుక బస్తాల గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మనిషికి 65 కిలోల చొప్పున లెక్కిస్తే, వెయ్యి మంది పట్టే మూడు బోగీల రైలుకు 65 టన్నులు కావాలి. 25 కిలోల బస్తాలైతే 2,600. వాటిని తలుపుల దగ్గర ఎక్కించి అక్కడే పేర్చేయడం సర్వసాధారణమైన పొరపాటు. కూర్చునేచోట కూర్చునేవారి బరువు, నిలబడేచోట నిలబడేవారి బరువు ఉండేలా ప్లాన్ గీసి పేర్చాలి. పది బస్తాలకొకటి తూచండి. ఇసుక తడిస్తే బరువు మారుతుంది కనుక రాత్రి ఆరుబయట వదలకండి. నేల మీద మందపాటి టార్పాలిన్ పరవకపోతే చిరిగిన బస్తాలోని ఇసుక తలుపు గాడిలో చేరి, రెండు నెలల తర్వాత ప్రయాణికులతో నిండిన రైలులో తలుపు ఇరుక్కుంటుంది.

ఈ దశలోనే లక్నోలోని రైల్వే పరిశోధనా సంస్థ ఆర్‌డీఎస్‌ఓ బృందం వచ్చి ఆసిలేషన్ (ఊగులాట) ట్రయల్స్, అత్యవసర బ్రేకింగ్ దూరం ట్రయల్స్ చేస్తుంది. రోజూ నడపదలచిన వేగం 80 అయితే, దానికంటే పైవేగంలో రైలు ఊగులాటను కొలుస్తారు. వారు ఇచ్చే వేగ ధ్రువపత్రంలోని షరతులను ఒక్కొక్కటిగా మీ హజార్డ్ లాగ్‌లోకి ఎక్కించుకోండి. కొత్త నమూనా బోగీలకు ఇది నెలల పని కాబట్టి ప్రారంభ తేదీకి వెనకనుంచి లెక్క వేసుకోవాలి.

7. రైలును తనంతట తాను ఆపే వ్యవస్థ

2016 నవంబరు 9న లండన్ నగరంలోని క్రాయిడన్‌లో, శాండిలాండ్స్ అనే చోట, గంటకు 20 కిలోమీటర్లతో తీసుకోవలసిన వంపును ఒక ట్రామ్ సుమారు 73 కిలోమీటర్ల వేగంతో తీసుకుని బోల్తా పడింది. ఏడుగురు చనిపోయారు. వేగం మితిమీరితే రైలును బలవంతంగా ఆపే ఏర్పాటు అక్కడ లేదు.

మీ మార్గంలో ఆ ఏర్పాటు ఉంది, కాబట్టి అది ప్రతి వంపు దగ్గరా పనిచేస్తోందని చూపించాలి. ఈ వ్యవస్థ డేటాబేస్‌లో నమోదైన వేగ పరిమితుల జాబితాను, పట్టాల పక్క బోర్డులను, కట్టినట్టుగా ఉన్న డ్రాయింగులను పక్కపక్కన పెట్టి ముగ్గురు మనుషులతో పైకి చదివించండి. చివరి నిమిషంలో పదిహేను మీటర్లు జరిగిన ఒక స్టేషన్ డ్రాయింగు వల్ల డేటాబేస్ తప్పయిన సందర్భాలు ఉంటాయి. తర్వాత రైలును పరిమితికి కొద్దిగా పైకి తీసుకెళ్లి వ్యవస్థ బ్రేకు వేస్తోందో లేదో చూడండి. ఈ పరీక్షను వంపు మొదలు కావడానికి చాలా ముందు, వ్యవస్థ బ్రేకు వేయకపోయినా ప్రమాదం లేని వేగంలో చేయాలి.

రేడియో సంబంధం తెగితే రైలు ఆగుతోందా, వెనకనున్న రైలుకు ముందు రైలు ఉన్న చోటు సరిగా తెలుస్తోందా, ఆగి ఉన్న రైలును వేరే రైలు నెట్టుకెళ్లేటప్పుడు వ్యవస్థ ఏం చేస్తుంది అన్నవి కూడా ఇందులో భాగం. స్వతంత్ర భద్రతా పరిశీలకుడి ధ్రువపత్రం చేతికి వచ్చినా, అందులో ఏ సాఫ్ట్‌వేర్ వెర్షనుకు ఇచ్చారో చూసి, రైలులో ఉన్న వెర్షనుతో పోల్చండి. ధ్రువపత్రం ఇచ్చాక వెర్షను మారిందంటే ఆ పత్రం ఈ రైలుకు చెల్లదు.

8. తలుపులు

తలుపు మధ్య అడ్డు ఉందని గుర్తించేందుకు 30 మిల్లీమీటర్ల మందం, 60 మిల్లీమీటర్ల ఎత్తున్న కొయ్య ముక్కతో పరీక్షించడం ప్రామాణిక పద్ధతి. అది పాస్ కాగానే సంతకం చేసేస్తారు. నేను ఒప్పుకోను. 2019 జూలైలో కోల్‌కతా మెట్రో పార్క్ స్ట్రీట్ స్టేషన్‌లో చేయి తలుపులో ఇరుక్కుని ఒక ప్రయాణికుడు చనిపోయారు. 2023 డిసెంబరులో ఢిల్లీ ఇందర్‌లోక్ స్టేషన్‌లో బట్ట తలుపులో చిక్కుకుని రైలు ఈడ్చుకుపోయిన మహిళ రెండు రోజుల తర్వాత కన్నుమూశారు.

మన ప్రయాణికులు ధరించేవాటితోనే పరీక్షించండి. చీర కొంగు, చున్నీ, పంచె అంచు, బ్యాగు పట్టీ, పిల్లల వేళ్ల మందం ఉన్న రబ్బరు గొట్టం తీసుకుని ప్రతి తలుపులోనూ పై భాగం, మధ్య, కింది భాగాల్లో పెట్టి మూయించండి. పలచని బట్టను తలుపు గుర్తించకపోవచ్చు. అలాంటప్పుడు బట్టను ఎంత బలంతో లాగితే బయటకు వస్తోందో స్ప్రింగ్ త్రాసుతో కొలిచి రాయండి. ఆ కొలతను బట్టి, రైలు ఆపరేటరు బయలుదేరే ముందు అద్దంలో లేదా కెమెరా తెరలో ఏం చూడాలి, ప్లాట్‌ఫారం మీది సిబ్బంది ఎక్కడ నిలబడాలి అన్నవి నిర్ణయించి, ఆ నియమాన్ని శిక్షణలో చేర్చండి. తలుపు తెరిచి ఉండగా రైలు కదలకూడదు, ప్లాట్‌ఫారం లేని వైపు తలుపు తెరుచుకోకూడదు. ఈ రెండింటినీ ప్రతి రైలులో, ప్రతి స్టేషన్‌లో చూడాలి.

9. స్టేషన్లు

అగ్నిమాపక శాఖ ఎన్‌ఓసీ, లిఫ్టుల లైసెన్సులు, ఎస్కలేటర్ల ఎమర్జెన్సీ బటన్లు మామూలుగా చూసేవే. వాటికి మించి, ప్లాట్‌ఫారం నాలుగు నిమిషాల్లో ఖాళీ కావాలి, అందరూ సురక్షిత స్థలానికి ఆరు నిమిషాల్లో చేరాలి అన్న అంతర్జాతీయ ప్రమాణాన్ని లెక్కల్లో చూపించి ఊరుకోకుండా, రెండు మూడు వందల మందితో నిజంగా చేసి చూడండి. వారిలో వృద్ధులు, చక్రాల కుర్చీలో వచ్చేవారు, చూపు లేనివారు ఉండాలి. స్టేషన్ మొత్తానికి కరెంటు తీసేసి, బ్యాటరీ దీపాల వెలుగులోనే దింపండి. టికెట్ గేట్లు తెరుచుకోకపోవడం ఇక్కడే బయటపడుతుంది.

10. వీధిలో నడిచే లైట్ రైలు అయితే

కోల్‌కతా ట్రామ్‌లు తప్ప మన దేశంలో వీధి ట్రాములు ఇప్పుడు లేవు. కేంద్రం 2019లో మెట్రోలైట్ అనే లైట్ రైలుకు ప్రమాణాలు విడుదల చేసింది కాబట్టి ఈ పని మీకు రావచ్చు. డ్రైవరు కంటిచూపుతో నడిపేచోట, ప్రతి కూడలిలోనూ ఎంత దూరం కనిపిస్తుందో ఆయన కూర్చునే ఎత్తు నుంచే కొలవాలి, పగలూ రాత్రీ వానలోనూ చూడాలి. కొలిచిన దూరం ఆగే దూరంకంటే తక్కువైతే వేగం తగ్గించడమే మార్గం. ఎడింబరోలో ట్రామ్ పట్టాల గాడిలో సైకిల్ చక్రం ఇరుక్కుని పడిపోయినవారు ఎందరో ఉన్నారు. మన వీధుల్లో ద్విచక్ర వాహనాల సంఖ్య చూస్తే, తడి పట్టాలను వాలుగా దాటే ప్రతి చోటునూ బైకు మీద పోలీసుల పర్యవేక్షణలో పరీక్షించక తప్పదు.

11. ట్రయల్ రన్నింగ్, మాక్ డ్రిల్

ఇప్పటివరకు పరీక్షించినది యంత్రాలను. ఇప్పుడు మనుషులను కూడా కలిపి, అసలు టైంటేబులు ప్రకారం, అసలు సిబ్బందితో, ప్రయాణికులు లేకుండా నడపాలి. టెస్టింగ్ ఇంజనీర్లు క్యాబిన్‌లో ఉండి సలహాలు ఇవ్వకూడదు, చూసి రాసుకోవాలి.

రోజూ ఒక ఇబ్బందిని ముందుగా చెప్పకుండా కల్పించండి. ఒక రోజు రెండు స్టేషన్ల మధ్య రైలు ఆగిపోతుంది. మరో రోజు పాయింటు డిటెక్షన్ పోతుంది, ఇంకో రోజు బోగీలో పొగ, ఇంకో రోజు కంట్రోల్ రూమునే ఖాళీ చేయించి ప్రత్యామ్నాయ గదికి మారాలి. వయాడక్టు మీద ఆగిన రైలు నుంచి ప్రయాణికులను నడిపించే డ్రిల్ ఎండలో మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఒకసారి చేయండి. కరెంటు తీసినట్టు రాతపూర్వక నిర్ధారణ రావడానికి ఎంత సమయం పట్టిందో విడిగా కొలవండి, ఎక్కువగా ఆలస్యమయ్యేది అక్కడే.

ఒట్టావాలో లైను తెరిచాక ప్రయాణికులు మూసుకుంటున్న తలుపులను చేత్తో ఆపడం, దానితో ఆ తలుపు మొరాయించి రైలు మొత్తం ఆగిపోవడం, వెనకనున్నవన్నీ నిలిచిపోవడం మొదలైంది. ఖాళీ రైళ్లతో ఎన్ని రోజులు నడిపినా ఆ లోపం కనిపించదు. అందుకే చివరి వారంలో సిబ్బంది కుటుంబాలనో, ఎన్‌సీసీ విద్యార్థులనో ప్లాట్‌ఫారాలమీద మాత్రం గుమిగూడేలా పిలిచి, రద్దీలో మనుషులు ఎలా ప్రవర్తిస్తారో అలాగే తలుపులు పట్టుకోమనండి. భద్రతా అనుమతి రాకముందు వారిని ఎక్కించుకుని రైలును కదిలించడం కుదరదు, ఈ డ్రిల్ నిలిచి ఉన్న రైలుతోనే చేయాలి.

12. సీఎంఆర్‌ఎస్ తనిఖీ

2002 నాటి మెట్రో రైల్వేస్ చట్టం, 2013 నాటి ప్రారంభ నియమాల ప్రకారం మెట్రో రైల్వే భద్రతా కమిషనర్ (సీఎంఆర్‌ఎస్) తనిఖీ చేసి సమ్మతిస్తేనే ప్రయాణికులను ఎక్కించాలి. ఈ కమిషన్ రైల్వే శాఖ కింద కాక పౌర విమానయాన శాఖ కింద ఉంటుంది. నడిపేవారూ తనిఖీ చేసేవారూ ఒకరి చేతి కింద మరొకరు ఉండకూడదన్నది అందులోని ఉద్దేశం.

కమిషనర్ ట్రాలీ మీద మార్గమంతా చూస్తారు, స్టేషన్లలో ఆగుతారు, వేగ పరీక్ష చేస్తారు, ఏ స్టేషన్ మాస్టరునైనా ఆపి ప్రశ్నలు అడుగుతారు. పూర్తికాని పనులను దాచకండి. ఏది పూర్తి కాలేదో, దానివల్ల ప్రమాదం రాకుండా ఏం చేశారో, ఎప్పటికి పూర్తవుతుందో మీరే జాబితాగా ఇవ్వండి. దాచినది ఒక్కటి కనిపించినా మిగతా పత్రాలన్నింటి మీదా అనుమానం వస్తుంది, అలా రావడం న్యాయం కూడా.

ఫలితాలను నమ్మే ముందు

పరీక్షా పత్రాల కట్టలోంచి నూటికి ఐదు పత్రాలు చీటీ తీసి, వేరే బృందంతో మళ్లీ చేయించండి. ఒక్కటి తేడా వచ్చినా ఆ వ్యక్తి, ఆ షిఫ్టు చేసినవన్నీ మళ్లీ చేయాలి. కొలతలన్నీ ఒకే అంకె వచ్చిన పత్రాన్ని అనుమానించండి, నిజమైన కొలతలు కొద్దికొద్దిగా మారుతాయి. ఫెయిల్ అయిన పరీక్ష ఒక్కటీ లేని కట్టనైతే అసలు తీసుకోకండి. లోపం సరిదిద్దాక ఆ ఒక్క పరీక్షే కాక, ఆ మార్పు తగలగల మిగతా పరీక్షలు కూడా మళ్లీ చేయాలి. సాఫ్ట్‌వేర్ విషయంలో ఇది చాలా తరచుగా మర్చిపోతారు.

13. తెరవడానికి ముందు రాత్రి

బైపాస్ రిజిస్టరు తెరవండి. పెట్టిన ప్రతి జంపరూ, తిప్పిన ప్రతి బైపాస్ స్విచ్చూ తీసేసినట్టు రెండు సంతకాలు ఉన్నాయో లేదో చూడండి. సంతకాలను నమ్మి ఆగిపోకుండా రిలే గదులకు వెళ్లి, ఎర్రటి ట్యాగులు ఎక్కడైనా మిగిలాయేమో కళ్లతో చూడండి. తీసిన జంపరు తీగలను ఒక పెట్టెలో వేయించి లెక్కపెట్టండి. రిజిస్టరులో నలభై ఒకటి రాసి ఉండి, పెట్టెలో నలభై ఉంటే, ఆ ఒక్కటి దొరికే దాకా లైను తెరవకండి.

తెల్లవారుజామున మొదటి రైలును ప్రయాణికులు లేకుండా, తక్కువ వేగంతో, రెండు పట్టాల మీదా చివరి నుంచి చివరి వరకు నడిపించండి. ఆపరేటరు పక్కన ట్రాక్ ఇంజనీరు ఒకరు, సిగ్నల్ ఇంజనీరు ఒకరు నిలబడి దారి చూస్తూ వెళ్లాలి. ఆ రైలు తిరిగి వచ్చి, మార్గం ఖాళీగా, సవ్యంగా ఉందని ఇద్దరూ కంట్రోల్ రూముకు రాసి ఇచ్చిన తర్వాత స్టేషన్ గేట్లు తెరిపించండి. మరునాడు, ఆ తర్వాతి రోజూ, లైను నడిచినన్నాళ్లూ ఉదయం మొదటి రైలును ఇలాగే పంపించండి.